పడిపోయిన అడవిలో ముందు తెరవాల్సింది మన బాటలు



ఈ మధ్య ఒకే ప్రశ్న మమ్మల్ని చాలామంది అడుగుతున్నారు. "అన్నా, తాడ్వాయి - మేడారం మధ్య చెట్లు కూలిన అడవికి ట్రెక్కింగ్ పోవచ్చా? దారి ఉందా? ఫొటోలు మస్తు వస్తయట గదా?" అడిగేవాళ్లలో సిటీ మిత్రులు ఉన్నారు, మన హాస్టల్ తమ్ముళ్లు, చెల్లెళ్లు కూడా ఉన్నారు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే బదులు మేము అనుకుంటున్నది ఇక్కడే పొడుగ్గా రాస్తున్నాం. కొంచెం ఓపిక పట్టి చదవండి.

వేరే జిల్లాల మిత్రుల కోసం ముందు సంగతి చెప్పాలి. 2024 ఆగస్టు 31 సాయంత్రం ములుగు జిల్లాలో, ఏటూరునాగారం అభయారణ్యం లోపల, తాడ్వాయి నుంచి మేడారం పోయే దిక్కున ఒక పెద్ద గాలి దిగింది. మొదట వేసిన లెక్క ప్రకారమే దాదాపు 200 హెక్టార్లు, అంటే 500 ఎకరాల దాకా అడవి పడుకుంది. 50 వేల చెట్లు అన్నారు. తర్వాత లెక్క ఇంకా పెరిగింది. ఖమ్మంలో మున్నేరు ఊళ్లను ముంచింది కూడా ఆ వానల్లోనే. నేల అప్పటికే నాని మెత్తబడి ఉంది, వేళ్లకు పట్టు లేదు. అందుకే చాలా మాన్లు విరగలేదు, వేళ్లతో సహా పెకిలి పడ్డాయి. టోర్నడో అన్నవాళ్లు ఉన్నారు, మేఘం లోంచి ఒక్కసారిగా కిందికి కుమ్మరించిన గాలి అన్నవాళ్లు ఉన్నారు. సుడిగాలి అయితే చెట్లు తలో దిక్కుకు మెలిపడి పడతాయి, పైనుంచి కొట్టిన గాలి అయితే ఎక్కువ శాతం ఒకే దిక్కుకు పడుకుంటాయి. ఏదైనా గాని, ఆ గాలి ఊళ్ల మీదికి రాలేదు. తల్లులే అడ్డం నిలబడ్డారని మన పెద్దలు అంటారు. (అదే సంవత్సరం డిసెంబర్ 4న ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూకంపం వచ్చింది కదా, ఆ రెండింటినీ కలిపి వాట్సాప్‌లో చాలా కథలు తిరిగాయి. గాలి పైనుంచి వచ్చింది, భూకంపం కింది నుంచి వచ్చింది. రెండింటికీ సంబంధం అంటగట్టకండి.)

ఇక అసలు విషయం. ఆ రోజు పడ్డది చెట్లు మాత్రమే కాదు. ఆ చెట్ల కింద ఉన్న బాటలు కూడా పోయాయి. ఈ మాట ఏ పేపర్లోనూ పెద్దగా రాలేదు. ఎందుకంటే బయటివాళ్ల లెక్కలో అడవి అంటే మాన్లు, క్యూబిక్ మీటర్లు. మన లెక్కలో అడవి అంటే ఎటు నుంచి ఎటు నడుస్తామో అది.

ఒకసారి ఆలోచించండి. ఇప్ప పువ్వు ఏరడానికి తెల్లవారకముందే పోయే బాట వేరు, తునికాకు కోసం పోయే బాట వేరు. పశువులను తోలుకుపోయే దారి వెడల్పుగా ఉంటుంది, వాగుకు దిగే దారి సన్నగా ఉంటుంది. వేల్పుల దగ్గరికి పోయే దారిన ఉత్తప్పుడు ఎవరూ నడవరు. ఇంకో గూడెంలో ఉన్న మేనత్త ఇంటికి అడ్డదారి ఉంటుంది, రోడ్డు మీద పోతే ఆటోకు డబ్బులు, అడవిలో పోతే గంట నడక. వీటిలో ఒక్కటి కూడా మ్యాపులో ఉండదు. "ట్రెక్కింగ్" అనే మాట మనకు కాలేజీలో తెలిసింది గాని, నడక మనకు ఎవరో నేర్పింది కాదు. రెండేళ్లకోసారి జాతర వచ్చినప్పుడు పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజును పూజారులు అడవి దారిన కాలినడకన మేడారం తీసుకొస్తారు. దాన్ని మించిన ట్రెక్ ఎక్కడుందో చెప్పండి చూద్దాం.

బాట చచ్చిపోవడం ఎట్లా ఉంటుందో చూసినవాళ్లకు తెలుసు. మొదటి రోజు ఒక మాను అడ్డం పడుతుంది. మనిషి దాన్ని చుట్టి పోతాడు. పక్కన ఇంకో మాను ఉంటే ఇంకొంచెం దూరం చుట్టి పోతాడు. నెల తిరిగేసరికి ఒక బాట ఉన్న చోట నాలుగు జాడలు అవుతాయి, ఏది అసలుదో తెలియదు. పై కప్పు పోయింది కాబట్టి నేల మీద ఎండ పడుతుంది. వాన పడగానే ఆ ఎండకు గడ్డి లేస్తుంది, తునికి వేళ్ల నుంచి పిలకలు లేస్తాయి, టేకు మొదళ్లు చిగురిస్తాయి, వాటితో పాటు లంటానా కంప కూడా ఎగబడుతుంది. అడవి తిరిగి వస్తోందని సంతోషమే. కానీ రెండు మూడు వానాకాలాలు ఎవరూ నడవకపోతే అక్కడ బాట ఉండేదని చెప్పడానికి మనిషి తప్ప వేరే గుర్తు ఉండదు. ఆ మనిషికి డెబ్బై ఏళ్లు ఉంటే ఇంక ఎన్నాళ్లు చెబుతాడు?

ఇక్కడే చట్టం సంగతి వస్తుంది. గ్రూప్-2 కోసం చదివేవాళ్లు ఇది పరీక్షకే అనుకోకండి. 2006 అటవీ హక్కుల చట్టం అభయారణ్యం లోపల కూడా వర్తిస్తుంది. సెక్షన్ 3(1)లో చిన్నతరహా అటవీ ఫలసాయం సేకరించుకునే హక్కు ఉంది, మన సామూహిక అడవిని కాపాడుకుని, తిరిగి పెంచుకుని, నిర్వహించుకునే హక్కు కూడా ఉంది. మరి సామూహిక హక్కు అడిగినప్పుడు సాక్ష్యం ఏం చూపించాలి? రూల్ 13 చదవండి. పశువుల మేత స్థలాలు, దుంపలు, పండ్లు, ఆకులు సేకరించే చోట్లు, నీటి వనరులు, మందు మొక్కలు తెచ్చే ప్రాంతాలు, పవిత్రమైన చెట్లు, వనాలు, శ్మశానాలు ఇవన్నీ సాక్ష్యాలే. పెద్దల మాటను రాతలో పెడితే అది కూడా సాక్ష్యమే. ఇప్పుడు ఆ గుర్తు చెట్టే కూలిపోయి, దాని దగ్గరికి పోయే బాట కంపలో కలిసిపోతే రేపు సర్వేకు వచ్చిన మనిషికి ఏం చూపిస్తాం? "ఇక్కడ ఎవరూ తిరిగిన ఆనవాళ్లు లేవు" అని ఒక్క లైను రాసి పోతే, ఆ లైను చెరపడానికి మన ఊళ్లు ఎన్నేళ్లు ఆఫీసుల చుట్టూ తిరగాలి?

అందుకే మేము అంటున్నది ఇది. ఆ అడవిలో మొట్టమొదట తెరవాల్సింది టూరిస్టు ట్రెక్ కాదు, మన పాత బాటలు. అవి ఎక్కడెక్కడ ఉన్నాయో చెప్పాల్సింది గ్రామసభ. వాటిని శుభ్రం చేసే పని, ఆ కూలి, ఆ బాటల మీద నడిచిన వాళ్లకే రావాలి. ఆ తర్వాత ఎవరైనా చూడ్డానికి వస్తామంటే, ఏ బాట చూపించాలి, ఏది చూపించొద్దు అని ఊరు తేల్చుకోవాలి.

బాట తెరవడం అంటే అడవిని ఊడ్చడం కాదు. కొందరు మనవాళ్లే "అంత కలప కుళ్లిపోతోంది, అమ్మి ఊళ్లకు పంచొచ్చు గదా" అంటున్నారు. ఆ బాధ మాకూ అర్థమవుతుంది. కానీ ఒకటి, 2000 ఫిబ్రవరి 14న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు అభయారణ్యాలు, జాతీయ పార్కుల నుంచి చచ్చిన చెట్లను, గాలికి పడ్డ చెట్లను తీసేయొద్దని రాష్ట్రాలను ఆపింది. రెండోది, లారీలు లోపలికి వస్తే మొలిచిన పిలకలన్నీ టైర్ల కింద పోతాయి, వచ్చిన లారీ వేసిన దారి మళ్లీ మూసుకోదు. పడ్డ మాను అడవికి చెత్త కాదు. దాని నీడన విత్తు మొలుస్తుంది, దాని కింద తేమ నిలుస్తుంది, పుట్టగొడుగులు, పురుగులు, వాటి కోసం పిట్టలు వస్తాయి. కాబట్టి బాటకు అడ్డం పడ్డ చోట మనిషి, పశువు పట్టేంత వెడల్పు కోసి, ముక్కను పక్కకు దొర్లించి అక్కడే వదిలేస్తే చాలు. అయితే చట్టంలో చిన్నతరహా ఫలసాయం కింద కంపకట్టె, మొదళ్లు, వెదురు కూడా ఉన్నాయి, అది మర్చిపోవద్దు. దుంగ మీద హక్కు లేదని చెప్పేవాళ్లు, పొయ్యిలోకి తెచ్చుకునే కట్టెపుల్లను కూడా దుంగతో కలిపి మాట్లాడితే ఊరుకోవద్దు.

జర్మనీలో బ్లాక్ ఫారెస్ట్ అని ఉంది. 1999 డిసెంబర్ 26న లోథార్ అనే తుఫాను అక్కడి అడవిని పడగొట్టింది. చాలా చోట్ల కలప తీసేశారు గాని, సుమారు 10 హెక్టార్లు మాత్రం పడ్డది పడ్డట్టే వదిలేశారు. 2003లో దాని మధ్య నుంచి చిన్న కాలిబాట వేశారు, కిలోమీటరు కూడా ఉండదు. చెక్క మెట్లు, నిచ్చెనలు, పడ్డ మాన్ల మీదుగా వంతెనలు. జనం పోయి, అడవి తనంతట తాను ఎట్లా లేస్తుందో చూసి వస్తారు. ఆలోచన బాగుంది, మన దగ్గర కూడా చేయొచ్చు. కానీ ఒక తేడా ఉంది. ఆ పది హెక్టార్ల మీద తిండి కోసం, వేల్పుల కోసం ఆధారపడ్డ గూడెం లేదు. అక్కడ బాటను కొత్తగా వేశారు. ఇక్కడ బాట ముందే ఉంది, దానికి మనుషులు ఉన్నారు. ఆ తేడా మర్చిపోయి బయటి నమూనా తెచ్చి పెడితే మన బాటకు మనమే టికెట్ కొనాల్సి వస్తుంది.

"టూరిజం వస్తే ఉపాధి వస్తది గదా, ఎందుకు అడ్డం పడుతున్నరు?" అని ఒక తమ్ముడు అడిగాడు. అడ్డం పడటం లేదు తమ్ముడూ. తాడ్వాయిలో హట్స్ ఉన్నాయి, దామరవాయిలో రాక్షస గూళ్లు ఉన్నాయి, బొగత ఉంది, లక్నవరం ఉంది. జనం వస్తూనే ఉంటారు. మేము అడిగేది ఒక్కటే, వచ్చిన మనిషి ముందు నడిచేది ఎవరు? గైడుగా మన పిల్లలు ఉండి, రేటు గ్రామసభ పెట్టి, ఆ డబ్బులో భాగం ఊరి ఖాతాలో పడితే అది ఉపాధి. బయటి బ్యాచ్ వచ్చి, ఫోన్‌లో ఎవరో పెట్టిన ట్రాక్ చూసుకుంటూ తిరిగి, చిప్స్ కవర్లు వదిలి పోతే దాన్ని ఏమనాలి? అభయారణ్యంలోకి బయటివాళ్లు రావాలంటే అనుమతి కావాలని వన్యప్రాణి చట్టమే చెబుతోంది. ఆ అనుమతి ఇచ్చేముందు పక్క ఊరిని ఒక మాట అడగడం పెద్ద కష్టమేమీ కాదు.

ఇప్పుడు నడిచేవాళ్లకు కొన్ని జాగ్రత్తలు. ఇవి భయపెట్టడానికి కాదు. ఒక చెట్టు పడి ఇంకో చెట్టు కొమ్మల్లో చిక్కుకుని వేలాడుతుంటే దాని కింద నుంచి పోవద్దు, అది ఎప్పుడు జారుతుందో దానికే తెలియదు. వేళ్లతో లేచిన మట్టి గోడ వెనుక గుంత ఉంటుంది కదా, ఆ గుంతలో దిగి సెల్ఫీలు వద్దు. మానును కోసిన క్షణాన ఆ వేళ్ల గోడ వెనక్కి కూలొచ్చు, మనిషిని మట్టిలో కప్పేస్తుంది. వంగి బిగిసిన మానును తెలియనివాళ్లు గొడ్డలితో కొడితే ఎగిరి తగులుతుంది. వాన నీళ్లకు నానిన దుంగ మీద కాలు వేస్తే లోపలికి దిగిపోవచ్చు, కింద తేలు ఉంటుందో పాము ఉంటుందో. ఎలుగుబంట్లకు కూడా ఇప్పుడు దాక్కునే చోట్లు ఎక్కువే, మాట్లాడుకుంటూ నడవండి. ఒక్కరే పోవద్దు.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఎండాకాలం నిప్పు. ఇది మనవాళ్లకు కూడా చెప్పాలి, కోపం వచ్చినా సరే. ఇప్ప పువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకు కాల్చడం పాత అలవాటు. నిలబడ్డ అడవిలో ఆ మంట ఆకును కాల్చి ఆరిపోతుంది. కానీ ఎండిన మాన్లు వేలల్లో అడ్డదిడ్డంగా పడి ఉన్న చోట అదే నిప్పు దుంగకు అంటుకుంటే రోజుల తరబడి కాలుతుంది, కింద మొలిచిన పిలకలన్నీ పోతాయి. ఆకును కాల్చకుండా ఊడ్చుకోవడం కష్టమే, అమ్మలకు నడుము నొప్పి. మరి సెలవుల్లో మనం ఇంట్లోనే ఉంటాం కదా, చీపురు పట్టుకుని మనమే పోదాం.

ఆఖరుగా పని మాట. వచ్చే సెలవుల్లో ఆ చుట్టుపక్కల ప్రతి గూడెం నుంచి ఇద్దరు ముగ్గురు విద్యార్థులు తమ ఊరి పెద్ద ఒకరితో కలిసి నడవాలని అనుకుంటున్నాం. బాట పేరు ఏమిటి, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది, దేనికోసం, ఏ కాలంలో, ఎవరు నడుస్తారు, ఎక్కడెక్కడ చెట్లు అడ్డం ఉన్నాయి, ఇవి నోట్‌బుక్‌లో రాయాలి. పెద్దలు కోయలో చెప్పిన పేరును కోయలోనే రాయండి, తెలుగులోకి మార్చొద్దు. ఫోన్‌లో జీపీఎస్ ట్రాక్ తీసుకోండి గాని ఇన్‌స్టాలో, గూగుల్ మ్యాప్‌లో పెట్టొద్దు. తేనె చెట్టు, వేల్పుల చోటు ఊరికి తెలిస్తే చాలు. రాసింది గ్రామసభలో చదివి, సంతకాలు, వేలిముద్రలు పెట్టించి, ఒక కాపీ ఊరి దగ్గర, ఒక కాపీ అటవీ హక్కుల కమిటీ దగ్గర, ఒకటి మన దగ్గర ఉంచాలి.

మీ గూడెం నుంచి ఎవరు వస్తారో, ఏ పెద్దాయన గానీ అవ్వ గానీ నడవగలరో ఇప్పుడే అడిగి పేర్లు మాకు పంపండి. నడవలేని పెద్దలు ఉంటే మంచం దగ్గరే కూర్చుని చెప్పించుకుని రాయండి, వాళ్ల దగ్గరికే ముందు పోదాం. బూట్లు లేకపోయినా ఫర్వాలేదు, నీళ్ల సీసా, చిన్న కత్తి, నోట్‌బుక్ తెచ్చుకోండి.