నాప్‌లోనే పోయిన చౌకట్

చౌకట్ కొనడానికి వెళ్తే టింబర్ డిపో సేటు బిల్లులో 5 బై 3 అని రాస్తాడు. టేపు పెట్టి చూడండి భాయీ, నాలుగుముప్పావు, రెండుముప్పావు వస్తుంది. అడిగితే "రంపం తినేసింది, ఇది దస్తూర్" అంటాడు. దస్తూరా, బేఈమానీయా?

హిసాబ్ కష్టమేం కాదు. వెడల్పు, మందం అంగుళాల్లో, పొడవు అడుగుల్లో. మూడింటినీ జర్బ్ చేసి 144తో తక్సీమ్ చేస్తే ఘనపుటడుగులు. (మా ఉర్దూ బడిలో గుణకారం పేరు జర్బ్. దానికి దెబ్బ అనే అర్థమూ ఉంది.) నిలువులు రెండూ ఏడేసి అడుగులు, పైది నాలుగు, మొత్తం 18. బిల్లులో 1.875 ఘనపుటడుగులు. ఇంటికొచ్చింది 1.633. ఘనపుటడుగు రూ.4,000 అనుకుంటే ఒక్క దర్వాజాకే వెయ్యికి కాస్త తక్కువ. ఆ డబ్బుకి మనం కొన్నది గాలి.

రంపం తిన్న మాట నిజమే. కానీ చాలా చోట్ల గుండ్రటి దుంగను హాప్పస్ లెక్కలో కొంటారు. చుట్టుకొలతలో నాలుగో వంతును వర్గం చేసి పొడవుతో జర్బ్ చేస్తారు. అందులో అసలు ఘనపరిమాణంలో 78.5 శాతమే పట్టీకెక్కుతుంది. కోతలో పోయేదానికి మినహాయింపు అక్కడే దొరికింది. మళ్లీ మన దగ్గరా? తరుగు ధరలో కలుపుకో, ఎవరు కాదన్నారు? నాప్‌లో కలపడం జాయజ్ కాదు.

సూరె ముతఫ్ఫిఫీన్ మొదలయ్యేదే తీసుకునేటప్పుడు నిండుగా, ఇచ్చేటప్పుడు తక్కువగా కొలిచేవాళ్ల గురించి. గోడకి ఆయత్ ఫ్రేము కట్టించుకున్న మన సేట్లకీ ఇదే చెప్తున్నా.

డబ్బిచ్చే ముందు మీ టేపుతో కొలిచి, ఆ కొలతే బిల్లులో రాయమనండి. మొహమాటం వద్దు, అది మీ హక్. రాయనంటే పక్క డిపోకి పోండి.