ఒకరు ఎగరాలంటే ఆరుగురు నేల మీద ఉండాలి

పదవీ విరమణ చేసినవారికి నేను వ్రాసే మందుచీటీలో కొంతకాలంగా ఒక పంక్తి అదనంగా చేరుతున్నది. రక్తపోటు మాత్ర, చక్కెర మాత్ర, నడక అయ్యాక చివరన ఇలా ఉంటుంది: ఏదైనా ఒక సంఘంలో చేరండి, చేరి ఊరుకోకండి, అందులో ఒక పనిని మీ మీద వేసుకోండి. చాలామంది దీనిని చదివి నవ్వి ఊరుకుంటారు. కాలక్షేపానికి చెప్పిన మాట అనుకుంటారు. నేను దీనిని మందుగానే వ్రాస్తున్నాను.

2010లో అమెరికా పరిశోధకులు 148 అధ్యయనాలను ఒకచోట చేర్చి పరిశీలించారు. అందులోని వ్యక్తుల సంఖ్య 3 లక్షల పైచిలుకు. తోటివారితో గట్టి సంబంధాలు ఉన్నవారు, లేనివారికంటే బ్రతికి ఉండే అవకాశం సుమారు 50 శాతం ఎక్కువని తేలింది. పొగత్రాగడం మానినందువల్ల కలిగే మేలుతో పోల్చదగినంత ప్రభావమది. అందులో నన్ను ఆలోచింపజేసిన అంశం మరొకటి. ఇంట్లో ఒంటరిగా ఉంటున్నారా, లేక ఎవరితోనైనా కలిసి ఉంటున్నారా అన్న ఒక్క ప్రశ్నకు వచ్చిన తేడా స్వల్పం. కుటుంబం, స్నేహితులు, సంఘం, బాధ్యతలు అన్నీ కలిపి లెక్కించినప్పుడు వచ్చిన తేడా దానికి ఎన్నో రెట్లు పెద్దది. అంటే, ఇంటినిండా మనుషులున్నారు కదా అని ధీమాగా ఉండటానికి వీలులేదు. మనకోసం ఎదురుచూసే పని ఒకటి ఇంటి బయట ఉండాలి.

అటువంటి పని ఎలా ఉంటుందో నేను బాగా చూసినది, చిత్రంగా, ఒక గ్లైడర్ల క్లబ్బులో. ఇంగ్లండులో మా అబ్బాయి ఉంటున్న ఊరికి సమీపంలో ఉన్న ఆ క్లబ్బులో ఒక వేసవిలో నాలుగు నెలల పాటు తాత్కాలిక సభ్యుడిగా ఉన్నాను. అప్పటికి నాకు డెబ్బై దాటాయి. నేను ఎగిరినది రెండే రెండుసార్లు, అదీ శిక్షకుని వెనుక. మిగిలిన రోజులన్నీ నేల మీదనే గడిచాయి. నాకు నచ్చినది కూడా ఆ నేల మీది పనే.

గ్లైడర్ అంటే ఇంజను లేని విమానం. నా తరంలో ఎన్.సి.సి. వైమానిక విభాగంలో చేరిన కొందరికి ఇది పరిచితమే. 1961లో తొలిసారి ఎగిరిన ‘రోహిణి’ గ్లైడరు మన దేశంలో రూపొందినదే. మన వాళ్లు గ్లైడర్లకు అశ్విని, భరణి, రోహిణి, మృగశిర, ఆర్ద్ర అని వరుసగా నక్షత్రాల పేర్లు పెట్టుకుంటూ వచ్చారు. పంచాంగం తెలిసినవారెవరో ఆ కార్యాలయంలో ఉండి ఉంటారని నాకొక సరదా ఊహ. ఇంజను లేదు గనుక ఎవరో ఒకరు దానిని పైకి లాగాలి. మైదానానికి అవతలి కొసన, దాదాపు కిలోమీటరు దూరంలో, పెద్ద మోటారుకు చుట్టిన తాడు ఉంటుంది. ఆ తాడు ఇవతలి కొసను గ్లైడరుకు తగిలిస్తారు. మోటారు తాడును వేగంగా చుట్టుకుంటుంటే, గాలిపటం ఎగిరినట్లు గ్లైడరు నిమిషం లోపల వెయ్యి అడుగులు పైకి లేస్తుంది. అక్కడ తాడు వదిలేసి, ఎండకు వేడెక్కి పైకి లేచే గాలిని వెతుక్కుంటుంది. ఆ గాలి దొరికితే గంటలకొద్దీ పైన ఉండవచ్చు; దొరకకపోతే ఐదారు నిమిషాలలో దిగిపోవలసిందే.

ఈ విద్య మన ప్రాంతానికి కొత్తది కాదు. టెక్కలి దగ్గరి తేలినీలాపురానికి శీతకాలంలో వెళ్లినవారు గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు పొద్దెక్కే వరకు చెట్ల మీద ఓపికగా కూర్చుని, నేల వేడెక్కాక రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతూ పైకి పోవడం చూసే ఉంటారు. అదే గాలి, అదే పద్ధతి. ఆ పక్షులు ఏటా ఆ ఊరికే వస్తున్నాయంటే, ఊరివారు వాటిని కొట్టరు, కొట్టనివ్వరు అన్నది ఒక ముఖ్య కారణం.

క్లబ్బు విషయానికి వస్తాను. ఒక్క మనిషి ఎగరాలంటే నేల మీద ఎందరు ఉండాలో లెక్క చూడండి. అవతల మోటారు దగ్గర ఒకరు. తాడు తగిలించడానికి ఒకరు. గ్లైడరుకు చక్రం ఒక్కటే గనుక ఒక రెక్క నేలకు వాలిపోతుంది. దానిని ఎత్తి పట్టుకుని కొన్ని అడుగులు కూడా పరుగెత్తడానికి ఒకరు. మోటారు దగ్గరి మనిషికి సంకేతం ఇవ్వడానికి ఒకరు. పడిపోయిన తాడును తిరిగి లాక్కురావడానికి ఒకరు. ఎవరు ఎక్కారు, ఏ నిమిషానికి లేచారు, ఏ నిమిషానికి దిగారు అని పుస్తకంలో వ్రాయడానికి ఒకరు. నా పని ఆ చివరిది. జీతం తీసుకునేవారు ఆ మైదానంలో ఒక్కరూ లేరు. బ్యాంకు ఉద్యోగి, వడ్రంగి, విశ్రాంత ఉపాధ్యాయిని, కళాశాల విద్యార్థి, అందరూ వంతులవారీగా పని చేసి వంతులవారీగా ఎగురుతారు. పొద్దుటే వచ్చి ఎగిరేసి తన దారిన తాను వెళ్లిపోయేవాడిని ఎవరూ తిట్టరు గానీ, మరునాడు అతని రెక్క పట్టుకునేవారు ఎందుకో కనిపించరు.

ఆ వంతుల పట్టిక గోడకు మూడు నెలల ముందే వేలాడుతుంది. రాలేనివారు తమకు బదులు మరొకరిని తామే కుదుర్చుకోవాలి. అధ్యక్షునికి కూడా అదే నియమం. నేను చూసిన ఒక ఆదివారం ఆయన వంతు మరుగుదొడ్లు కడగడం, కడిగారు.

వైద్యునిగా నా మనసును పట్టుకున్నవి మరి రెండు పద్ధతులు. మొదటిది, విమానం ఎక్కేముందు ప్రతివారూ తమను తాము ప్రశ్నించుకోవడం: ఒంట్లో నలతగా ఉన్నదా, ఏదైనా మందు వేసుకున్నానా, మనసులో దిగులున్నదా, మద్యం పుచ్చుకున్నానా, నిద్ర చాలిందా, తిన్నానా, నీరు త్రాగానా? ఒక్కదానికి జవాబు తేడాగా ఉన్నా ఆ రోజు ఎక్కరు. ‘ఈరోజు నాకు బాగోలేదు’ అని చెప్పడం అక్కడ నామోషీ కాదు. జలుబు మాత్ర వేసుకున్నానని చెప్పి ఎగరకుండా రోజంతా రెక్కలు పట్టిన నలభై ఏళ్ల మనిషిని చూశాను. మన ఉద్దానంలో జీడితోటలో, కొబ్బరితోటలో మండుటెండలో పనిచేసే మనిషి నడుము నొప్పికి దుకాణంలో మాత్ర కొని మింగి, నీరు సరిగా త్రాగకుండానే మళ్లీ పనిలోకి దిగుతాడు. మూత్రపిండాలకు ఆ రెండూ కలిసి చేసే చెరుపు గురించి ఇక్కడ ఎన్నోసార్లు వ్రాశాను. ‘ఈరోజు నాకు బాగోలేదు’ అని చెప్పే వీలు అతనికి లేకపోవడం కూడా ఆ చెరుపులో భాగమే.

రెండవది, ‘ఆపండి’ అనే హక్కు. తాడు తగిలించాక ఎవరికి ఏ అనుమానం కలిగినా, పద్నాలుగేళ్ల పిల్ల అయినా సరే, ‘ఆపండి’ అని అరిస్తే అక్కడితో ఆ ప్రయత్నం ఆగిపోతుంది. ముప్పై ఏళ్ల అనుభవమున్న శిక్షకుడు కూడా ఎందుకు ఆపావని కోప్పడకూడదు. అనుమానం వట్టిదైతే ఐదు నిమిషాలు పోతాయి, అంతే. విమానాల వారి ఈ అలవాట్లను చూసే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో శస్త్రచికిత్సల కోసం ఒక పరిశీలనా పట్టికను తెచ్చింది. ఎనిమిది నగరాలలోని ఆసుపత్రులలో దానిని వాడి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. ఆ ఎనిమిదింటిలో ఢిల్లీ ఒకటి. అయినప్పటికీ పెద్ద డాక్టరుకు నర్సు ‘ఆగండి’ అని చెప్పగల ఆసుపత్రులు మన దగ్గర ఎన్ని ఉన్నాయో చదువరులే చెప్పాలి.

ఇదంతా చెప్పి పలాసలో గ్లైడర్ల క్లబ్బు పెట్టమని నేను కోరడం లేదు. సముద్రపు గాలి పగటిపూట తీరంలోని ఆ వేడిగాలిని చెదరగొడుతుంది; తోటల మధ్య అంత ఖాళీ మైదానమూ దొరకదు. నాకు కావలసినది ఆ గోడ మీది పట్టిక.

మన ప్రాంతంలో సేవాభావానికి కొదవ లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చినప్పుడు ఎక్కడెక్కడి నుంచో యువకులు వచ్చారు. అన్నం పొట్లాలు, నీళ్లు, టార్పాలిన్లు అందించారు. దారికి అడ్డంగా పడిన చెట్లు నరికారు. తరువాత ఎవరి ఊళ్లకు వారు వెళ్లిపోయారు. వారిని తప్పు పట్టలేము. తుపాను ఒక రాత్రి వచ్చి పోతుంది. డయాలసిస్ అలా కాదు. వారానికి రెండు మూడు సార్లు, ప్రతిసారీ నాలుగు గంటలు, మూత్రపిండం మార్పిడి జరిగే దాకా, లేదా జీవితాంతం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాలలో ఇటువంటి రోగి లేని ఊరు వెతుక్కోవాలి. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి గొట్టాల ద్వారా మంచినీరు తెచ్చారు. మంచిదే. కానీ తెల్లవారుజామున ఊరి నుంచి ఆ పడక దాకా రోగిని తీసుకువెళ్లేది ఎవరు? సాయంత్రం కళ్లు తిరుగుతున్న మనిషిని బస్సు ఎక్కించేది ఎవరు? భార్యో కొడుకో ఆ రోజు కూలి వదులుకుని వెళుతున్నారు. వారానికి మూడు కూళ్లు పోయిన ఇల్లు ఎలా నిలబడుతుంది? కొన్ని నెలలయ్యాక రోగి ‘ఈ వారం ఒకసారికి వద్దులే’ అంటాడు. అక్కడి నుంచి ఏమవుతుందో నేను చూశాను.

మన సంఘాలకు అధ్యక్షుడు, గౌరవాధ్యక్షుడు, సలహాదారులు, శాలువాలు, ఫ్లెక్సీలు ఉంటాయి. మంగళవారం ఉదయం ఆరు గంటలకు ఎవరు రావాలో వ్రాసిన కాగితం మాత్రం ఉండదు. విశ్రాంత ఉద్యోగుల సంఘాలను ఉద్దేశించే ఈ మాట అంటున్నాను. చాలామందికి పింఛను ఉన్నది, ఓపిక ఉన్నది, ఉదయం పూట తీరిక ఉన్నది. మూడు వార్తాపత్రికలు చదివాక కూడా పది గంటలే అవుతున్నదని వాపోయే మాస్టార్లు నాకు ఎందరో తెలుసు.

లెక్క పెద్దదేమీ కాదు. ఊరిలో డయాలసిస్ రోగులు ముగ్గురున్నారనుకుందాం. ఒక్కొక్కరు వారానికి మూడుసార్లు వెళ్లినా నెలకు నలభైకి లోపు ప్రయాణాలు. పన్నెండు మంది పేర్లు ఇస్తే ఒక్కొక్కరికి నెలకు మూడు నాలుగు వంతులు. ముగ్గురినీ ఒకే పూటకు కుదిర్చితే అంత కూడా ఉండదు. నేను మరీ పట్టుబట్టేది ఒకటున్నది: రోగికి కూడా పట్టికలో పని ఉండాలి. నడవగలిగిన రోజున ముందురోజు సాయంత్రం రేపటి వంతువారికి ఫోను చేసి గుర్తు చేయడం, పుస్తకం వ్రాయడం అతను చేయగలడు. ఆ మైదానంలో ఎగిరేవాడే రెక్క పట్టేవాడు. ఎప్పుడూ పుచ్చుకునేవాడిగా మాత్రమే మిగిలిన మనిషి కొంతకాలానికి సహాయాన్నే తప్పించుకు తిరుగుతాడు.

వంతు తీసుకునేవారు తెలుసుకోవలసినవి కొన్ని. రోగి చేతికి రక్తనాళాలు కలిపి కుట్టిన చోటు ఉంటే, ఆ చేతితో బరువు మోయనివ్వకండి, ఆ చేతికి రక్తపోటు చూడనివ్వకండి. డయాలసిస్ ముందు, తరువాత తూకం ఎంతో పుస్తకంలో వ్రాయండి. ఇంటికి వచ్చేటప్పుడు కళ్లు తిరిగితే వెంటనే పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తులో ఉంచండి. సూది గుచ్చిన చోట రక్తం కారితే శుభ్రమైన గుడ్డతో పది పదిహేను నిమిషాలు గట్టిగా ఒత్తి పట్టుకోండి. ఆగకపోతే ఆసుపత్రికి తిరిగి వెళ్లండి. ఒక విడత తప్పిన రోగికి ఆయాసం వచ్చినా, కాళ్లూ చేతులూ పట్టు తప్పినట్లున్నా, మరుసటి వంతు దాకా ఆగకుండా ఆ రాత్రే తీసుకువెళ్లండి. మరొక మాట, ఉద్దానం వారికి ప్రత్యేకంగా: పరామర్శకు వెళుతూ ప్రేమకొద్దీ కొబ్బరి బొండాలు, అరటిపళ్లు, పనసపండు పట్టుకువెళ్లకండి. వాటిలోని పొటాషియం ఈ రోగుల గుండెను ఆపగలదు. ఇంటి పెరట్లో కాసిన బొండాం కదా అంటారు, అయినా వద్దు. ఖాళీ చేతులతో వెళ్లి, పట్టికలో మీ పేరు ఏ రోజున ఉన్నదో చూసుకుని రండి.