కంటైనర్ పోయినా కథలు పోకూడదు

గత పేరెంట్స్ మీటింగ్‌లో ఒక నాన్నగారు అడిగారు: "మేడమ్, తొమ్మిదో తరగతి పిల్లలకు ఈ సర్వర్లు, స్టోరేజీలు ఎందుకండీ? వెబ్‌సైట్ బాగా కనిపిస్తే చాలదా?" అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతాను.

పోయిన ఏడాది మా పిల్లలు ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర పొడుపు కథలు అడిగి, రోజూ కొన్ని చొప్పున తమ వెబ్‌సైట్‌లో టైప్ చేశారు. ల్యాబ్‌లో ఒక కంప్యూటర్‌నే సర్వర్‌గా పెట్టి, డాకర్ అనే సాఫ్ట్‌వేర్‌తో సెక్షన్‌కొక కంటైనర్ ఇచ్చాను. కంటైనర్లంటే ఒకే కంప్యూటర్‌లో విడివిడి గదుల్లాంటివి. ఒక సెక్షన్ వాళ్లు ప్రోగ్రామ్ చెడగొట్టుకున్నా పక్క సెక్షన్ వెబ్‌సైట్ నడుస్తూనే ఉంటుంది.

మూడో వారంలో ప్రోగ్రామ్‌లో చిన్న మార్పు చేసి, పాత కంటైనర్ తీసేసి కొత్తది పెట్టాను. డాకర్‌లో ఇది మామూలు పనే. కంటైనర్‌ను ఆపితే లోపలి ఫైళ్లు అలాగే ఉంటాయి. తొలగిస్తే మాత్రం లోపల రాసుకున్నవన్నీ దానితోపాటే పోతాయి. కథల ఫైలు ఆ లోపలే ఉంది. కొత్త వెబ్‌సైట్ చక్కగా తెరుచుకుంది, ఒక్క కథా లేకుండా. నోటు పుస్తకంలో రాసుకున్నవాళ్లు మళ్లీ టైప్ చేశారు. ఒక అమ్మాయి మాత్రం అమ్మమ్మ ఫోన్‌లో చెబుతుంటే నేరుగా టైప్ చేసిందట. "మళ్లీ అడుగుతాలే మేడమ్" అంది. తప్పు నాది, సర్దుకున్నది తను.

నేను చేయాల్సింది చిన్న పనే. వాల్యూమ్ అనే వేరే స్టోరేజీని తయారుచేసి కంటైనర్‌కు జోడించి, కథల ఫైలు అందులో ఉంచాలి. అద్దె ఇల్లు మారినా బీరువా మనతోనే వచ్చినట్టు, కంటైనర్ మారినా వాల్యూమ్ మిగులుతుంది. కొత్త కంటైనర్‌కు దాన్నే తగిలిస్తే సరి. సెక్షన్‌కొక వాల్యూమ్, దానికి అర్థమయ్యే పేరు ఉండాలి. మనం పేరు పెట్టకపోతే డాకరే అంకెలూ అక్షరాలూ కలిపి చాంతాడంత పేరు పెడుతుంది. ఆర్నెల్ల తర్వాత ఏది ఎవరిదో పోల్చుకోలేం. చూపించడానికి మాత్రమే నడిపే కంటైనర్‌కు చదివే అనుమతి ఒక్కటే ఇస్తే, కథలు చెరిగిపోయే భయం ఉండదు. అలాగని వాల్యూమ్ బ్యాకప్ కాదు. అదీ ఆ కంప్యూటర్ డిస్క్‌లోనే ఉంటుంది, డిస్క్ పాడైతే అదీ పోతుంది. అందుకే ఇప్పుడు ప్రతి శుక్రవారం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ తీయిస్తున్నాను.

ఇవేవీ బోర్డు పరీక్షలో రావు, నిజమే. అయినా ప్రాజెక్టు మార్కుల్లో రంగులకు, బొమ్మలకు ఇచ్చినన్ని "మీ డేటా ఎక్కడుంది?" అన్న ప్రశ్నకూ ఇవ్వాలని నా అభిప్రాయం. పిల్లలు సేకరించి తెచ్చింది ఆ కథలనే, పేజీ రంగును కాదు.

ఈసారి ఎక్స్‌పోలో ప్రతి టీమ్ మీ ముందే కంటైనర్ తొలగించి, కొత్తది పెట్టి, పాత కథలన్నీ చూపించాలి. చూపించలేని టీమ్‌కు మార్కులు తగ్గుతాయి. తర్వాత ఫోన్ చేసి అడగొద్దని ఇప్పుడే చెబుతున్నాను!