స్కూబా డైవింగ్‌కు వెళ్లేవారు ఎటువంటి బీమా తీసుకోవాలి?

కోస్గికి సముద్రం వందల కిలోమీటర్ల దూరం. అయినా మన ప్రాంతపు యువతీయువకులు నేడు అండమాన్‌కో, థాయ్‌లాండ్‌కో వెళ్లి స్కూబా డైవింగ్ చేసి వస్తున్నారు. విశాఖలోని ఋషికొండ దగ్గర కూడా ఆ అవకాశం ఉంది. ఈ వినోదం వద్దని నేను అనను. కానీ విమాన టికెట్టుకూ, హోటలు గదికీ పెట్టే శ్రద్ధ బీమా విషయంలో కనబడటం లేదు. కొన్నవారు కూడా ఎన్ని లక్షల పాలసీ అని మాత్రమే చూస్తున్నారు. నా అభిప్రాయంలో చూడవలసినది అది కాదు.

కారణం ఈ ప్రమాద స్వభావంలోనే ఉంది. నీటిలో ప్రతి 10 మీటర్ల లోతుకు మన శరీరంపై ఒక వాతావరణ పీడనం అదనంగా పడుతుంది. ఆ ఒత్తిడిలో పీల్చిన గాలిలోని నత్రజని రక్తంలో, కణజాలంలో కరుగుతుంది. త్వరగా పైకి వస్తే, మూత తీసిన సోడా సీసాలో వలె, అది బుడగలుగా మారుతుంది. కీళ్లనొప్పులు, తిమ్మిర్లు, ఒక్కోసారి పక్షవాతం కూడా రావచ్చు. దీనిని డీకంప్రెషన్ సిక్‌నెస్ అంటారు. వెంటనే ఆక్సిజన్ ఇచ్చి, రోగిని రీకంప్రెషన్ ఛాంబర్‌కు తరలించాలి. ఈ ఛాంబర్లు ప్రతి ఊరిలోనూ ఉండవు. దీవిలో ఉన్న రోగిని పడవ మీదనో, హెలికాప్టరులోనో చేర్చవలసి రావచ్చు. కనుక మందుల ఖర్చు కన్నా తరలింపు ఖర్చే కుటుంబాన్ని కుంగదీయగలదు.

మన దేశంలో డైవింగ్ చేసేవారికి ఒక ముఖ్య విషయం. బీమా నియంత్రణ సంస్థ 2019లో ఆరోగ్య పాలసీల మినహాయింపులకు ప్రామాణిక పదజాలాన్ని నిర్దేశించింది. సాహస క్రీడల మినహాయింపులో స్కూబా డైవింగ్ పేరు ఉన్నది నిజమే. అయితే అది ఆ క్రీడల్లో వృత్తిరీత్యా పాల్గొనేవారికి సంబంధించినది. విహారానికి వెళ్లినవారి క్లెయిమును ఆ ఒక్క మాట చూపి తిరస్కరిస్తే, పాలసీలోని వాక్యాన్ని చూపి ప్రశ్నించండి. వ్యక్తిగత ప్రమాద బీమా నిబంధనలు మాత్రం వేరుగా ఉంటాయి. వాటిని విడిగా చదవాలి.

ఇంకొక చిక్కు ఉంది. ఛాంబరులో వాడుకలో ఉన్న ఒక ప్రధాన చికిత్సా విధానానికి పట్టేది సుమారు 5 గంటలు. ఆరోగ్య పాలసీలు సాధారణంగా 24 గంటలు ఆసుపత్రిలో చేరి ఉండాలంటాయి, లేదా డే కేర్ చికిత్సగా అంగీకరించాలంటాయి. హైపర్‌బారిక్ ఆక్సిజన్ చికిత్సకు పరిమితి ఉందా అన్నదీ అడగండి. ఆరోగ్యశ్రీ ఉన్నదికదా అని ధీమాగా ఉండకండి. 2007లో మన మహబూబ్‌నగర్ జిల్లాలో కూడా తొలి విడతలోనే ప్రారంభమైన ఆ పథకం పేదలకు గొప్ప అండ. కానీ అది నిర్ణీత ఆసుపత్రుల్లో, నిర్ణీత చికిత్సలకు ఉద్దేశించినది. దీవి నుండి రోగిని తీసుకురావడానికి కాదు.

విదేశాలకు వెళ్లేవారికి ప్రయాణ బీమా అవసరం. ఎందుకంటే సాధారణ ఆరోగ్య పాలసీ ఎక్కువగా దేశంలోపలికే పరిమితం. చాలా ప్రయాణ పాలసీలలో సాహస క్రీడలకు అదనపు ప్రీమియం కట్టాలి. లోతు పరిమితి, శిక్షణ ధ్రువపత్రం, శిక్షకుడు వెంట ఉండాలనే షరతులూ ఉంటాయి. తరచూ డైవింగ్ చేసేవారు డైవర్లకే ప్రత్యేకించిన బీమాను పరిశీలించవచ్చు. 1980లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో మొదలైన డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ అటువంటి సంస్థ. మన దేశవాసులకు వర్తిస్తుందా అన్నది ముందే నిర్ధారించుకోండి.

కనుక కొనేముందు కంపెనీని ఈ ప్రశ్నలు అడిగి, జవాబు ఈమెయిలు ద్వారా రాతపూర్వకంగా తీసుకోండి. డీకంప్రెషన్ సిక్‌నెస్‌ను ప్రమాదంగా పరిగణిస్తారా, వ్యాధిగానా? ఛాంబర్ చికిత్స ఖర్చు ఇస్తారా? పడవ, హెలికాప్టర్ తరలింపు ఉందా? ఎంత లోతు వరకు? ధ్రువపత్రం లేని తొలి డైవ్‌కు వర్తిస్తుందా? అత్యవసర వేళ ఏ నంబరుకు ఫోను చేయాలి?

పడవ ఎక్కేముందు మీచేత సంతకం చేయించుకునే కాగితం బీమా పత్రం కాదు. చాలాసార్లు అది నిర్వాహకుల బాధ్యతను తగ్గించే పత్రమే. అందులో ఆస్తమా, మూర్ఛ, గుండె జబ్బు, చెవి శస్త్రచికిత్స గురించి అడిగితే నిజం చెప్పండి. దాచిన జబ్బు ప్రాణానికీ, క్లెయిముకూ ముప్పు.

చివరిగా వైద్యుడిగా ఒక మాట. ఒకే డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, పలుమార్లు చేస్తే 18 గంటలు విమానం ఎక్కవద్దు. తిరిగి వచ్చాక తిమ్మిరి, నొప్పి, తల తిరగడం వస్తే, డైవింగ్ చేసినట్లు డాక్టరుకు ముందుగా చెప్పండి. ఎంత మంచి పాలసీ అయినా ఆ సమాచారానికి బదులు కాదు.