మంచం ఎవరు మోస్తారు?

1996 నవంబర్ 6 రాత్రి తుపాను కోనసీమను కొట్టినప్పుడు నాకు పదహారేళ్ళు. అప్పటికి మా పేటలో శ్లాబు ఇళ్ళు మూడే. తక్కినవన్నీ మట్టిగోడలు, తాటాకు కప్పులు. చీకటి పడ్డాక గాలి హోరు పెరిగింది. కొబ్బరిచెట్లు ఒక్కోటీ విరిగి పడుతుంటే, ఎవరి పిల్లల్ని వాళ్ళు చంకనేసుకుని ఆ మూడిళ్ళలో దూరాం. తెల్లారి తలలు లెక్కపెట్టుకుంటే చివరింటి తాత లేడు. కాళ్ళు పడిపోయి మంచం మీదుండే మనిషి. మీరు తెచ్చారనుకున్నాం అని వీళ్ళూ, మీరే తెచ్చుంటారనుకున్నాం అని వాళ్ళూ. కూలిన గోడ కింద దొరికాడు.

తుపాను మృతుల్లో ఆయన పేరు రాశారు. నా మటుకు నాకు, ఆయన్ని చంపింది "ఎవరో చూసుకుంటార్లే" అనే మాట. ఆ ఎవరోలో నేనూ ఉన్నాను.

తుపాను సాయం గురించి మనం చాలా రాశాం. బియ్యం అందలేదని, జాబితాల్లో పేర్లు ఎగ్గొట్టారని ధర్నాలు చేశాం. చెయ్యాలి, మానకూడదు. కానీ అవన్నీ నీళ్ళు తీశాక జరిగే పనులు. ఆఫీసర్ల జీపులు వచ్చేదీ అప్పుడే. గాలీ నీళ్ళూ మీదపడే ఆ ఆరేడు గంటలూ మనిషికి పక్కింటోడే దిక్కు. ఆ పక్కింటోడితో ముందుగా ఒక మాట అనుకున్నామా అన్నదే నా గొడవ.

మన పేటలు ఎక్కడున్నాయో చూడండి. ఊరు మెరక మీద, మనం పల్లంలో, మురుగుకాలవ పక్కన. గోదావరి పొంగినా, సముద్రం ఎగదన్నినా నీళ్ళు ముందు తొక్కేది మనల్నే, ఆఖర్న వదిలేదీ మనల్నే. అందుకే ముందు కదలాల్సిందీ మనమే.

ముందు కదిలితే ప్రాణాలు దక్కుతాయా అంటే దక్కుతాయి. 1977 నవంబర్ 19 దివిసీమ ఉప్పెనలో సర్కారు లెక్కలోనే దాదాపు పదివేల మంది పోయారు. 1990 మేలో మళ్ళీ కృష్ణా తీరాన్నే పెద్ద తుపాను కొట్టింది. ఈసారి లక్ష మందికి పైగా జనాన్ని ముందే కదిలించారు. చనిపోయినవాళ్ళు వెయ్యి లోపు. బంగ్లాదేశ్‌లో 1970 తుపానుకి మూడు లక్షల మందికి పైగా పోయాక, తీరంలో వాడవాడకీ వాలంటీర్లను తయారుచేశారు. జీతగాళ్ళు కారు, ఆ వాడ మనుషులే. జెండా కట్టి, మెగాఫోను పట్టుకుని ఇంటింటికీ తిరిగి జనాన్ని లేవదీస్తారు. అయినా 1991లో షెల్టర్లు చాలక లక్షా ముప్పై వేల పైన పోయారు. షెల్టర్లూ పెంచారు, వాలంటీర్లనీ పెంచారు. 2007 సిద్ర్ తుపానులో సర్కారు లెక్క నాలుగు వేల లోపే.

మా పేటలో ఇప్పుడు పెంకుటిళ్ళూ శ్లాబులూ పెరిగాయి. మనుషులే తగ్గారు. ఒకింట్లో తల్లి కువైట్‌లో, తండ్రి హైదరాబాద్‌లో. ఇంట్లో ఉన్నది ముసలమ్మా, ఇద్దరు పిల్లలూ. పదో నంబరు హెచ్చరిక ఎగరేస్తే వాళ్ళని లేపేదెవరు? అందుకని బడిపిల్లలతో పేట పటం గీయించాను. నడవలేనివాళ్ళు, బాలింతలు, ఒంటరిగా ఉండేవాళ్ళు ఏ ఇంట్లో ఉన్నారో అందులో గుర్తులు పెట్టారు. ప్రతి గుర్తు పక్కనా మోసుకొచ్చేవాళ్ళ పేర్లు రెండు ఉండాలి. ఒకడు కూలికి దూరం పోతే రెండోవాడుంటాడు.

కాయితాల సంగతీ అంతే. నా పదో తరగతి మార్కుల లిస్టు ఆ రాత్రి బతికిందంటే, పక్కింటి పిన్ని దాన్ని తన పాలడబ్బాలో పెట్టి మూత బిగించబట్టే. అది నానిపోతే నేను డిగ్రీ దాకా వెళ్ళేవాణ్ణో లేదో. ఇంకొకటి. మధ్యలో గాలి ఒక్కసారిగా ఆగితే తుపాను పోయిందని బయటికి రాకండి. అది తుపాను కన్ను. దాటాక గాలి ఎదురు దిక్కు నుంచి కొడుతుంది. ఈ ముక్క ముసలోళ్ళకి తెలుసు, ఫోన్లు చూసే కుర్రోళ్ళకి తెలీదు.

ఇక ఊరి సంగతి. 1996 రాత్రి మా కుర్రాళ్ళు కొందరు ఊళ్ళో ఒక మేడ తలుపు కొట్టారు. తియ్యలేదు. ఎవరిదో ఇప్పుడెందుకు లెండి. 2004 డిసెంబర్ 26 సునామీ తర్వాత తమిళనాడులో నాగపట్నం వైపు శిబిరాల్లో దళితుల్ని వేరుగా ఉంచారని, నీళ్ళ ట్యాంకుల దగ్గరికి రానివ్వలేదని పత్రికలు రాశాయి. అంత ఉప్పెన కూడా కడగలేకపోయింది. "మరి ఆ ఊరోళ్ళతో మనకి పొత్తేంటి మాస్టారూ" అని మావాళ్ళే అడుగుతారు. ట్రాక్టరూ జనరేటరూ వాళ్ళ దగ్గరున్నాయి. చెట్టెక్కేవాళ్ళు, కత్తి పట్టేవాళ్ళు మన దగ్గరున్నారు. ప్రతి తుపాను తర్వాతా రోడ్డు మీద పడ్డ చెట్లు నరికి దారి తీసింది ఎవరు? అడుక్కోవడానికి పోవటం లేదు, లెక్క మాట్లాడుకోవడానికి పోతున్నాం. బడీ కమ్యూనిటీ హాలూ తాళంచెవులు ఎవరి దగ్గరుంటాయి, రాత్రిపూట ఎవరు తీస్తారు, వంట ఎవరు చేస్తారు, నీళ్ళ బిందె ఎవరైనా ముట్టొచ్చా? ఇవన్నీ గ్రామసభలో తీర్మానం రాయించాలి. గాలిలో తలుపు కొట్టి తేల్చుకునే విషయాలు కావివి.

మనలో మనకీ ఒక మాట. మాలపేట శ్లాబు కింద మాదిగపేట పిల్లలు నిలబడితే మొహం చిట్లించే పెద్దలు మనలోనూ ఉన్నారు. పటం గీసేటప్పుడు పిల్లలు రెండు పేటలూ ఒక కాయితం మీదే గీశారు. నేను చెప్పలేదు, కాయితం ఒకటే ఉందని గీశారు.

పంచాయతీకి అర్జీ ఇచ్చి నెలయింది, జవాబు రాలేదు. వచ్చే ఆదివారం రెండు పేటలూ బడి దగ్గర కూర్చుంటున్నాం. ఊళ్ళోకీ కబురు పంపాం. పటంలో నాలుగిళ్ళకి రెండో పేరు ఇంకా దొరకలేదు.