దేవుని పేరు పైకి చెబితే తప్పేమిటి?



2025 అక్టోబరు 30వ తేదీ రాత్రి నవీ ముంబయి డి.వై. పాటిల్ స్టేడియంలో జరిగిన ఆటను మన హాస్టలులో చూడనివారు బహుశా లేరు. అది మహిళల ప్రపంచకప్ సెమీఫైనల్. ముందుగా ఆడిన ఆస్ట్రేలియా 338 పరుగులు చేసింది. మన కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి అందులో రెండు వికెట్లు తీసింది. మహిళల వన్డేలలో అంత పెద్ద స్కోరును అంతవరకు ఏ జట్టూ ఛేదించలేదు. జెమీమా రోడ్రిగ్స్ మూడో స్థానంలో దిగి, 134 బంతుల్లో 127 పరుగులు చేసి, చివరిదాకా నిలబడి జట్టును గెలిపించింది. ఆట ముగిశాక మైకు ముందుకు వచ్చి, కళ్ళనీళ్ళు ఆగకపోయినా మొట్టమొదట యేసుకు, ఆ తరువాత అమ్మకు, నాన్నకు, కోచ్‌కు, తనను నమ్మినవారికి కృతజ్ఞతలు చెప్పింది. ఒంట్లో సత్తువ అయిపోయిన ఆఖరి ఓవర్లలో బైబిలులోని ఒక మాటను లోలోపల చెప్పుకుంటూ ఆడానని కూడా అంది. వెనుక ఫరో సైన్యం, ముందు ఎర్రసముద్రం, మధ్యలో చిక్కుకున్న జనానికి మోషే ధైర్యం చెప్పిన ఘట్టంలోని మాట అది.

మరునాటి నుంచి ఆమె ఆట మీద ఎంత చర్చ జరిగిందో, ఆమె పలికిన ఆ పేరు మీదా అంత చర్చ జరిగింది. కొందరు మెచ్చుకున్నారు. కొందరు సెల్‌ఫోన్లలో ఆమెను నానా మాటలూ అన్నారు. మన టీవీ గదిలోనూ రెండు పక్షాలు ఏర్పడ్డాయి. ఆటలో దేవుడి ప్రస్తావన దేనికని ఒక పక్షం, అనుకున్నది చెప్పుకుంటే మీకేం పోయిందని మరో పక్షం. భోజనాల గంట కొట్టినా వాదన తెగలేదు. అందుకే మా అభిప్రాయాన్ని ఈ వార్షికోత్సవ సంచికలో రాస్తున్నాము. ఒప్పుకోనివారు వచ్చే సంచికలో జవాబు రాయవచ్చు. సంపాదక వర్గంలో వారి పక్షం వాళ్ళూ ఉన్నారు కాబట్టి చోటు దొరకదన్న భయం అక్కరలేదు.

ముందుగా ఆమె ఏ పరిస్థితిలో ఆ మాట అన్నదో గుర్తు చేసుకుందాం. అదే టోర్నీలో ఇంగ్లాండుతో ఆటకు ఆమెను పక్కన కూర్చోబెట్టారు. ఈ పర్యటనలో దాదాపు ప్రతిరోజూ ఏడ్చానని, తీవ్రమైన ఆందోళనతో బాధపడ్డానని ఆమే బహిరంగంగా చెప్పింది. అలాంటి మనిషిని ఇంత ఆట ఎలా ఆడావని అడిగితే, తనను నిలబెట్టింది ఏమిటో చెప్పింది. మీరూ ఈ మతంలోకి రండి అనలేదు. మీ దేవుడికంటే మా దేవుడు గొప్ప అనలేదు. ధ్యానం వల్ల నిలబడ్డానని చెప్పి ఉంటే చప్పట్లు కొట్టేవాళ్ళం. మా అమ్మమ్మ మాట గుర్తొచ్చిందంటే కన్నీళ్ళు పెట్టుకునేవాళ్ళం. యేసు అనగానే ఉలిక్కిపడడం ఎందుకో మాకు అర్థం కాలేదు.

నిజానికి మన దేశంలో దేవుడు లేని మైదానం ఎక్కడుంది? సచిన్ టెండూల్కర్ సెంచరీ కొట్టిన ప్రతిసారీ తల పైకెత్తి ఆకాశంలోకి చూసేవాడు. సింధు పతకం గెలిచాక తిరుమల వెళ్ళి మొక్కు తీర్చుకుంది. శ్రీహరికోటలో రాకెట్టు ఎగరబోయే ముందు ఇస్రో పెద్దలు సూళ్ళూరుపేట చెంగాళమ్మ గుడికి వెళ్ళివస్తారు. ఊళ్ళో బస్సుకు నిమ్మకాయలు కడతారు, కొత్త మోటారు బిగిస్తే కొబ్బరికాయ కొడతారు. వీటిని ఎవరూ మతప్రచారం అనరు. అనకూడదు కూడా. మనిషి తన సంతోషాన్ని, భయాన్ని తనకు తెలిసిన భాషలో చెప్పుకుంటాడు, అంతే. ఆ కొలతే అందరికీ పెట్టమని అడుగుతున్నాము. 2023 నవంబరులో వాంఖడే స్టేడియంలో శ్రీలంకపై ఐదు వికెట్లు తీసిన మహమ్మద్ షమీ ఒక్క క్షణం మోకాళ్ళ మీద కూర్చుంటే, నమాజు చేయబోయి భయపడి ఆగిపోయాడని ఎన్ని కథలు అల్లారో చూశాము. ఒకరు వంగితే భక్తి, మరొకరు వంగితే అనుమానం అయితే ఎలా?

జెమీమా కుటుంబానికి ఇది కొత్త కాదు. ఏడాది ముందు, 2024 అక్టోబరులో, ముంబయిలోని ఒక జింఖానా ఆమెకిచ్చిన గౌరవ సభ్యత్వాన్ని రద్దు చేసింది. ఆమె తండ్రి అక్కడి హాలులో మతసభలు పెట్టారని కొందరు సభ్యుల ఫిర్యాదు. ప్రార్థనలే జరిపామని, మతమార్పిడులు కావని ఆ తండ్రి జవాబు చెప్పారు. ఆ గొడవలో న్యాయం ఎవరిదో తేల్చడం మా పని కాదు. తండ్రి మీద ఫిర్యాదు వస్తే కూతురి గౌరవం తీసేయడం మాత్రం మాకు బాగా అనిపించలేదు.

దేవుడే గెలిపించాడనేవారితోనూ మాకు కాస్త పేచీ ఉంది. ఓడిన జట్టులోనూ ప్రార్థన చేసేవారు ఉంటారు కదా! దేవుడు ఒక జట్టు డ్రెస్సింగ్ రూములో కూర్చుని రెండో జట్టు వికెట్లు తీస్తాడని మేము అనుకోవడం లేదు. ఇంగ్లాండుకు చెందిన జొనాథన్ ఎడ్వర్డ్స్ అనే ట్రిపుల్ జంప్ వీరుడు ఆదివారం పోటీ పడనని 1991 ప్రపంచ పోటీలు వదులుకున్నాడు. రెండేళ్ళ తరువాత మనసు మార్చుకుని ఆదివారం కూడా దూకాడు. 1995లో గోథెన్‌బర్గ్‌లో 18.29 మీటర్లు దూకి పెట్టిన రికార్డు ముప్పై ఏళ్ళు దాటినా నిలిచింది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచాడు. 2007లో తనకిక దేవునిపై నమ్మకం లేదని ప్రకటించాడు. ఆ మాటతో రికార్డులో ఒక సెంటీమీటరైనా తగ్గలేదు. నమ్మకం ఉన్నప్పుడు పైకి చెప్పాడు, పోయినప్పుడూ పైకి చెప్పాడు. రెండు సార్లూ దాచుకోలేదన్నదే మాకు నచ్చింది.

ఈ విషయంలో మేము ఎక్కువగా చదివింది ఎరిక్ లిడ్డెల్ గురించి. స్కాట్లండు దేశస్థుడు, మిషనరీల బిడ్డ, 1902లో చైనాలో పుట్టాడు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల పరుగు హీట్సు ఆదివారం పడ్డాయి. ఆదివారం దేవుని దినం, పరుగెత్తనన్నాడు. ఈ సంగతి ఓడ ఎక్కాక తెలిసినట్లు సినిమాలో చూపించారు గానీ, నిజానికి అతనికి నెలల ముందే తెలుసు. పెద్దలు ఒత్తిడి చేసినా వినలేదు. తనకు అంతగా అలవాటు లేని 400 మీటర్లకు సాధన చేసి, 47.6 సెకన్లలో ముగించి, ప్రపంచ రికార్డుతో బంగారు పతకం గెలిచాడు. 100 మీటర్ల బంగారు పతకం అదే జట్టుకు చెందిన హెరాల్డ్ అబ్రహామ్స్‌కు దక్కింది. ఆయన యూదుడు. లిడ్డెల్ తాను ఆగాడే గాని ఇంకొకరిని ఆపలేదు. ఆదివారం పరుగెత్తినవారిని పాపులనలేదు.

ఆ తరువాతి కథ ఇంకా బాగుంటుంది. పతకం వచ్చిన మరుసటి ఏడే చైనా వెళ్ళి ఉపాధ్యాయుడయ్యాడు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాను సైన్యం నిర్బంధ శిబిరంలో పెట్టింది. అక్కడి పిల్లలకు పాఠాలు చెప్పాడు, ఆటలు ఆడించాడు. ఆదివారం ఆటలు వద్దని మొదట అన్నాడు. రిఫరీ లేక పిల్లలు కొట్టుకుంటుంటే తానే ఆదివారం వచ్చి హాకీ ఆట నడిపాడని శిబిరంలో ఉన్నవారు చెప్పారు. ఒలింపిక్స్ కోసం వదలని నియమాన్ని పిల్లల కోసం వదిలాడు! 1945 ఫిబ్రవరిలో ఆ శిబిరంలోనే చనిపోయాడు. విశ్వాసాన్ని పైకి చూపడమంటే ఏమిటని ఎవరైనా అడిగితే మేము ఆ హాకీ ఆటనే చూపిస్తాము.

మరి పైకి చెప్పేదానికి హద్దు లేదా? ఉంది. ఆస్ట్రేలియా రగ్బీ ఆటగాడు ఇజ్రాయెల్ ఫొలావు 2019లో స్వలింగ సంపర్కులకు, మరికొందరికి నరకం కాచుకుని ఉందని ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాడు. అతని కాంట్రాక్టు రద్దయింది. గొడవ కోర్టు దాకా వెళ్ళి చివరికి రాజీ పడ్డారు. కాంట్రాక్టు తీసేయాల్సిందా కాదా అన్నదానిపై మాలోనే ఏకాభిప్రాయం లేదు. కానీ ఆ మాటకూ జెమీమా మాటకూ ఉన్న తేడా పదో తరగతి పిల్లవాడికైనా తెలుస్తుంది. ఆమె తన గాయం గురించి చెప్పింది, అతడు ఎదుటివాడిని గాయపరిచాడు. 2021 టీ20 ప్రపంచకప్‌లో రిజ్వాన్ మైదానంలో నమాజు చేస్తే తప్పు లేదు. హిందువుల మధ్య చేశాడు కాబట్టి అది తనకు ప్రత్యేకమని వకార్ యూనిస్ అన్నది మాత్రం తప్పే. ఆయనా తరువాత క్షమాపణ చెప్పాడు.

ఇక ఫుట్‌బాల్ నిబంధనల ప్రకారం దుస్తుల మీద మత నినాదాలు ఉండకూడదు. 2007 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ తరువాత తాను యేసుకు చెందినవాడినని రాసిన బనియనుతో బ్రెజిల్ ఆటగాడు కాకా మోకరించిన ఫొటో ప్రపంచమంతా చూసింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అదే దేశపు స్కేట్‌బోర్డు పిల్ల రైస్సా లియల్ తన విశ్వాసాన్ని మూగవారి సైగల భాషలో చెప్పింది. నిబంధనలు ఎంత గట్టిగా ఉన్నా మనుషులు దారి వెతుక్కుంటూనే ఉంటారు.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. జెమీమాకు ఆ పేరు పైకి చెప్పినందుకు తిట్లు వచ్చాయి. మన పేటల్లో ఆ పేరు పైకి చెబితే సర్టిఫికెట్టు పోతుంది.

ఇది అందరికీ తెలిసిందే, ఎవరూ మాట్లాడనిదే. 1950లో వచ్చిన షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మూడో పేరాలో హిందువులకు మాత్రమే ఎస్సీ హోదా అన్నారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను, ముస్లిములను చేర్చలేదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వెళ్ళినవారు బీసీ-సి కిందకు వస్తారు. ఆ కోటా 1 శాతం. అందుకే పేటలో ఎంతోమంది పిల్లలకు ఇంట్లో ఒక పేరు, స్కూలు రిజిస్టరులో ఒక పేరు. బైబిలు ట్రంకుపెట్టె అడుగున, బట్టల కింద ఉంటుంది. ఆ పిల్లవాడిని మోసగాడనేవారు, ఎనిమిదేళ్ళ వయసులో అతని చేత ఆ రెండో పేరు పలికించిందెవరో కూడా చెప్పాలి.

మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే సూసై అనే ఆయన కేసు 1985లో సుప్రీంకోర్టు తీర్పు దాకా వెళ్ళింది. ఎస్సీ చెప్పులు కుట్టేవారికి ప్రభుత్వం ఉచితంగా బంకులు ఇచ్చింది. ఆయన క్రైస్తవుడు కాబట్టి ఇవ్వలేదు. పక్కన కూర్చున్నవాడిదీ అదే ఎండ, అదే తోలు, అదే పని. మతం మారాక కూడా కులబాధలు అంతే తీవ్రంగా ఉన్నాయని రుజువు చూపలేదని కోర్టు ఆ కేసు కొట్టేసింది. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఎస్సీ హోదాకు, మతానికి ముడి తీసేయమని సిఫారసు చేసింది. 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరో కమిషన్ వేశారు. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా కోరుతూ తీర్మానం చేసింది. 2025లో అదే రాష్ట్ర హైకోర్టు, మతం మారిన ఒక పాస్టరుకు అట్రాసిటీ చట్టం వర్తించదని చెప్పింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, రిజర్వేషన్ కోసమే మతం మార్చి చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనంది.

రాజ్యాంగం 25వ అధికరణ మతాన్ని నమ్మడానికే కాదు, బాహాటంగా ప్రకటించుకోవడానికీ స్వేచ్ఛ ఇచ్చింది. ప్రకటించుకున్నవాడు స్కాలర్‌షిప్పు, హాస్టలు సీటు, ఉద్యోగం వదులుకోవాలంటే ఆ స్వేచ్ఛ డబ్బున్నవాడికే మిగులుతుంది. చర్చిలో కూర్చున్నంత మాత్రాన పేట ఊరి మధ్యకు జరగలేదు. కొన్ని ఊళ్ళలో చర్చిలే వేరు, శ్మశానాలే వేరు. మూడో పేరా తీసేయాలన్నది మా అభిప్రాయం. ఉన్న వాటాలో ఇంకా ఎక్కువమంది చేరితే మాకు తగ్గదా అని అడిగే హిందూ ఎస్సీ మిత్రుల ప్రశ్న న్యాయమైనదే. జనాభాను బట్టి వాటా పెంచమని ఇద్దరం కలిసి అడగాలి.

మహాకవి గుర్రం జాషువా విషయం చూడండి. వినుకొండలో 1895లో పుట్టిన ఆ క్రైస్తవ కవి 1941లో ‘గబ్బిలం’ రాసి, అంటరానివాడి గోడును గబ్బిలం చేత కాశీలో శివుడికి చెప్పించాడు. ‘క్రీస్తు చరిత్ర’ రాసి 1964లో సాహిత్య అకాడమీ అవార్డు తీసుకున్నాడు. ఆయన శివుడి పేరూ దాచలేదు, క్రీస్తు పేరూ దాచలేదు. ఏ సర్టిఫికెట్టులో ఏ గడిలో పెడతారో పెట్టండి అన్నట్లు బతికాడు.

హాస్టలు విషయంలో మేము అడిగేవి చిన్నవి. అయ్యప్ప మాల వేసుకున్న తమ్ముళ్ళకు వేరుగా వండుతున్నారు, సంతోషం. శ్రమల దినాలలో ఉపవాసముండే పిల్లలకు, రంజాను రోజాలు ఉండేవారికి కూడా మెస్ కమిటీ సాయంత్రం భోజనం తీసి ఉంచాలి. ఆదివారం చర్చికి వెళ్ళేవారిని గేటు దగ్గర రకరకాల ప్రశ్నలు వేయకుండా, షాపుకు వెళ్ళేవారిలాగే రిజిస్టరులో సంతకం పెట్టించి పంపాలి. ఇది ప్రభుత్వ హాస్టలు కాబట్టి ఏ మతం ప్రార్థననూ అందరి చేత చేయించకూడదు. పరీక్షలు దగ్గరపడితే యేసు మీద, సాయిబాబా మీద భారం వేసి పుస్తకం మూసేవారికి మాత్రం మా సానుభూతి లేదు.

రాత్రి లైట్లు తీసే ముందు దుప్పటి ముసుగు వేసుకుని ప్రార్థన చేసుకునే తమ్ముళ్ళకు ఒక మాట. ముసుగు తీసి చేసుకోండి. పక్క మంచం మీదివాడు లెక్కలు చేసుకుంటుంటే గొంతు తగ్గించండి.