పలకని పిల్లాడు మొద్దు కాదు

ఆటపాటల చదువు సరిహద్దు దాటింది.. ఇంటి భాష మాత్రం బడి గేటు దగ్గరే ఆగిపోయింది

‘మీ వాడు క్లాసులో నోరు విప్పడు. చదువులో వెనకే..’ హోసూరు, పళ్లిపట్టు, కోలారు, పావగడ వైపు తెలుగు ఇళ్లకు ఈ మాట కొత్త కాదు. అదే పిల్లాడు ఇంటికొస్తే నోరు మూయడు. అంటే లోపం బుర్రలో లేదు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళమో కన్నడమో. ప్రశ్న అర్థమయ్యేలోపు పక్కవాడు జవాబు చెప్పేస్తాడు. ‘తీసివేత’ బాగా వచ్చిన పిల్ల కూడా టీచరు ‘కళిత్తల్’ అనో, ‘వ్యవకలన’ అనో అంటే తడబడుతుంది. రాని లెక్క వేరు, రాని మాట వేరు. మార్కుల్లో మాత్రం రెండూ ఒకటే.

పుట్టింది తెలుగు నేలపైనే

పిల్లలతో మాట్లాడించి, ఆడించి నేర్పే పద్ధతి ఈ రాష్ట్రాలకు చేరింది తెలుగు నేల నుంచే. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రంలో వై.ఎ.పద్మనాభరావు, రమ దంపతులు పల్లె బడుల కోసం దీన్ని రూపొందించారు. ఒకే టీచరు, ఒకే గది, నాలుగైదు తరగతుల పిల్లలు. అందుకే పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, నిచ్చెన మెట్లలా పేర్చారు. ఎవరి వేగంలో వారు ఎక్కొచ్చు. ఆ కార్డుల్లో ఉన్నది పిల్లల ఇంటి తెలుగే.

దీన్ని చూసొచ్చిన మైసూరు జిల్లా హెచ్.డి.కోటె టీచర్లు 1995లో ‘నలి-కలి’ మొదలుపెట్టారు. 2009-10లో అది కర్ణాటక అంతటికీ వెళ్లింది. చెన్నై కార్పొరేషన్‌లో 2003లో 13 బడులతో మొదలైన కార్డుల చదువును 2007-08లో తమిళనాడు అంతటా పెట్టారు. 2022లో అక్కడే ఒకటి నుంచి మూడు తరగతులకు ‘ఎన్నుం ఎళుత్తుం’ వచ్చింది.

కార్డులు కన్నడంలోకి, తమిళంలోకి మారాయి. అక్కడి పిల్లలకు అది సరైనదే. కానీ సరిహద్దు తెలుగు పిల్లాడికి పద్ధతి దక్కింది, దానికి ప్రాణమైన ఇంటి మాట దక్కలేదు.

చదవడం వేరు, చెప్పడం వేరు

ఇక ఇంట్లో చదువంటే గట్టిగా పదిసార్లు వల్లె వేయడమే అన్న నమ్మకం పోలేదు. అమెరికాలో రోడిగర్, కార్పికి అనే పరిశోధకులు 2006లో కాలేజీ విద్యార్థులపై చేసిన ప్రయోగం వేరే సంగతి చెప్పింది. ఒక గుంపు పాఠాన్ని రెండుసార్లు చదివింది. మరో గుంపు ఒకసారి చదివి, పుస్తకం మూసి గుర్తున్నది రాసింది. ఐదు నిమిషాల తర్వాత మళ్లీ చదివినవారిదే పైచేయి: 81 శాతం, 75 శాతం. వారం తర్వాత లెక్క తిరగబడింది. మళ్లీ చదివినవారికి 42 శాతమే గుర్తుంది, మూసి రాసినవారికి 56 శాతం.

కన్నడం, తమిళం చదవడం రాని తల్లికీ ఇందులో దారి ఉంది. రాత్రి పుస్తకం మూయించి, ‘ఇవాళ ఏం చెప్పార్రా?’ అని తెలుగులో చెప్పించుకుంటే చాలు. అర్థమైందో లేదో అక్కడే తేలిపోతుంది. తర్వాత అదే సంగతిని బడి భాషలో నాలుగు వాక్యాలు రాయిస్తే పరీక్షకూ పనికొస్తుంది.

టీచరు చేతిలో ఉన్నది

కోలారు, పావగడ వైపు తెలుగు తెలిసిన టీచర్లు తక్కువేం కాదు. ప్రశ్న అడిగాక నాలుగు క్షణాలు ఆగడం, ముందు పక్కవాడితో మాట్లాడుకోనివ్వడం, జవాబు తెలుగులో వస్తే కసరకుండా దాని కన్నడ మాట అందించడం. వీటికి నిధులు అక్కర్లేదు. జీవో అక్కర్లేదు. 2010 నుంచి అమల్లో ఉన్న విద్యా హక్కు చట్టం 29వ సెక్షన్ కూడా వీలైనంత వరకు మాతృభాషలో బోధించాలనే అంటోంది.

రాష్ట్ర భాష వద్దని ఎవరూ అనడం లేదు. పదో తరగతి గట్టెక్కాలన్నా, ఉద్యోగం రావాలన్నా అది కావాల్సిందే. ఆ భాషకు మెట్టుగా తెలుగును వాడుకోనివ్వాలి. లేదంటే భాష రాక మౌనంగా ఉన్న పిల్లలు ‘మొద్దు’ అన్న ముద్రతోనే బడి మానేసే ప్రమాదం ఉంది.